ఈగ రెక్కమీది రోమములు
తాడేపల్లిగూడెం ఉల్లిబజారులో కుళ్లిన గడ్డలపైనను, కొల్లేటి లంకలలో ఎండుచేపలపైనను ముసురు ఈగలన్నియు మన కంటికి ఒక్కటే. కాని వీపు మధ్యరేఖకు కుడిప్రక్కగా సన్నని సూది గ్రుచ్చి, సూక్ష్మదర్శిని క్రింద ఏటవాలు వెలుతురున రెక్క యీనెలపై రోమములను పరిశీలించి, మస్కిడే కుటుంబమున నది యే శాఖదో నిర్ణయించు కీటకశాస్త్రజ్ఞుని నేర్పు నాకు పరమాద్భుతముగా దోచును. ఇంటియీగకు నాల్గవ నిలువుటీనె చివర మూడవదానివైపు చటుక్కున వంగును. పశువుల నెత్తురు పీల్చు స్టోమాక్సిస్‌కు ఆ వంపు మెత్తనిది. వంపు చూచుట సులభమే, కష్టమంతయు రోమములతోనే. మూడవ యీనె మొదటనే యవి నిలిచిపోయినవా, అడ్డయీనెదాక సాగినవా, పైముఖముననే కలవా, అడుగునను కలవా యని రెక్కను త్రిప్పి త్రిప్పి, ఊపిరి బిగబట్టి చూడవలయును; చూపరులకు విసుగు పుట్టించు పనియే సుమా! రోమము రాలిపోయినను అతడు నిరాశ చెందడు. అది మొలిచిన సూక్ష్మమైన గుంటయే దాని యునికిని చెప్పును. ఇట్టి గుర్తులను ఒక్కొక్కటిగా కూర్చికొనియే, భోజనముపైకి రోగక్రిములను మోసికొనివచ్చునదేదో, నీటియొడ్డు బురదపై చిన్నపురుగులను వేటాడు నిరపరాధియగు లిస్పె యేదో యతడు వేరుపరచును. ఏలూరి చెంత పాడిరైతు పశువులు కుదురుగా నిలువక తోక విసరుచు కాళ్లు తన్నుకొనుచుండగా, వానిని కుట్టునవి స్టోమాక్సిస్ ఈగలని తేల్చి, పేడతో కలిసి కుళ్లిన తడిగడ్డిని పాకనుండి ముందుగా తొలగింపుమని చెప్పగలుగును.