ఐదు పూసల పాఠం

వేసవిలో చర్చి ముందు షామియానా పడిందంటే వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) మొదలైనట్టే. యాక్షన్ సాంగ్స్, కంఠత వాక్యాలు, బిస్కెట్ ప్యాకెట్లు, వాటి మధ్య క్రాఫ్ట్ క్లాసు. టీచర్లు మారినా ఆ క్లాసులో ఐదు రంగుల పూసల బ్రేస్‌లెట్ మాత్రం మారదు. చవకని కొందరంటారు. దాని వెనకున్న పుస్తకమే కారణమని నా నమ్మకం.

ఆ పుస్తకంలో ఒక్క అక్షరం ఉండదు. 1866 జనవరి 11న లండన్‌లో చేసిన ప్రసంగంలో బోధకుడు స్పర్జన్ దాని సంగతి చెప్పారు. ఒక ముసలి బోధకుడి దగ్గర మూడు పుటల పుస్తకం ఉండేదట: నలుపు, ఎరుపు, తెలుపు. పాపం, క్రీస్తు రక్తం, కడిగిన హృదయం. 1875లో సువార్తికుడు డి.ఎల్. మూడీ పరలోకానికి గుర్తుగా బంగారు రంగు చేర్చారు. విశ్వాసంలో ఎదుగుదలకు ఆకుపచ్చ ఆ తర్వాత వచ్చింది. దక్షిణ భారతంలో పనిచేసిన మిషనరీ ఆమీ కార్మైఖేల్ మొదటి నాలుగు రంగుల గుడ్డనే జెండాగా ఎడ్లబండికి కట్టారు. చదువురాని ఊళ్లో అదే ఆమె పుస్తకం.

పూసల దగ్గరికొస్తే, రంధ్రం పెద్దగా ఉన్నవి కొనాలి. పిల్ల మణికట్టు చుట్టుకొలత మీద ఇంకో జానెడు ఎలాస్టిక్ తాడు కత్తిరించి, ఒక చివర సెల్లోటేపు ముక్క అంటించాలి. లేకపోతే ఇటు ఎక్కించిన పూస అటు జారి, చాప కింద వెతుక్కోవడంతోనే పాఠం అయిపోతుంది. ముడి వేసేటప్పుడు తాడును రెండు మెలికలు తిప్పి లాగాలి. పైన ఒక చుక్క గోళ్లరంగు వేస్తే ఊడదు. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పూసలు ఇవ్వకపోవడమే మంచిది, నోట్లో పెట్టుకుంటారు.

కథ ఒక్కసారే చెప్పేసి పూసలు చేతిలో పొయ్యకూడదు. ఒక పూస, దాని మాట, అందరూ ఎక్కించేదాకా ఆగడం. ఆ ఆగడంలోనే ఉంది పనితనమంతా. డజన్ల లెక్కన రెడీమేడ్‌వి కొని పంచితే చేతికి అలంకారమే మిగులుతుంది. తనే గుచ్చుకున్న పిల్ల ఇంటికెళ్లి, "అమ్మమ్మా, ఇదెందుకో తెలుసా?" అని వరసగా చెప్పగలదు.

వరస కూడా తేలికైన విషయం కాదు. నలుపుతో మొదలుపెడితే పిల్లలు ముందు వినేది తమ తప్పు గురించే. బంగారంతో మొదలుపెడితే దేవుని ఇంటి సంగతితో కథ మొదలవుతుంది. నాకు రెండోదే ఇష్టం.

నలుపు విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఒళ్లు నలుపని పిల్లల్ని ఇంట్లో, బళ్లో ఎవరో ఒకరు దెప్పుతూనే ఉంటారు. నలుపంటే పాపమని చర్చిలోనూ వింటే ఆ పసిమనసు ఏమనుకుంటుంది? దాన్ని "చీకటి పూస" అని, దీపం లేని గదితో పోల్చి చెబితే పాఠానికి లోటేమీ రాదు.

నగలు పెట్టుకోని పెంతెకొస్తు సంఘాలు మన దగ్గర చాలానే ఉన్నాయి. అక్కడ చేతికి బ్రేస్‌లెట్ అంటే పెద్దలు ఊరుకోరు. అవే పూసలు గుచ్చి బైబిల్లో పెట్టుకునే గుర్తు చేయిస్తే సరిపోతుంది. దానికి ఎలాస్టిక్ పనికిరాదు, గట్టి నూలుతాడు కావాలి. పూసలన్నీ ఒక చివరకే చేర్చి కింద లావుపాటి ముడి వెయ్యాలి, పేజీల మధ్యకు తాడు ఒక్కటే వెళ్లాలి. పూసలు లోపలికెళితే బైబిలు మూతపడదు.