రెండో వారం

ఆమధ్య ఒక పెద్ద సినిమా ప్రీమియర్ చూసొచ్చిన మర్నాడు నాన్నకి ఫోన్ చేశాను. "ఎట్లా ఉందిరా సినిమా?" అన్నారు. "ప్రీమియర్లకే రెండు మిలియన్లు దాటింది నాన్నా" అన్నాను. ఆయన కాసేపు ఆగి, "ఆ లెక్కలు పేపర్లో చూశాలే. సినిమా ఎట్లా ఉందని అడుగుతున్నా" అన్నారు. జవాబు తట్టలేదు. మూడు గంటలు కూచుని చూసొచ్చినవాణ్ణి, కథ గురించి నాలుగు ముక్కలు రాలేదు గానీ డాలర్ల లెక్క మాత్రం నోటికొచ్చింది. ఆ సినిమా కొన్న డిస్ట్రిబ్యూటరుకి నేనేమీ బావమరిదిని కాను.

ఈ జబ్బు నాకొక్కడికే లేదనుకుంటాను. 2011లో 'దూకుడు' అమెరికాలో మిలియన్ డాలర్లు దాటితే మా ఆఫీసులో తెలుగువాళ్ళం స్వీట్లు పంచుకున్నంత పని చేశాం. 2017లో 'బాహుబలి' రెండో భాగం ఇక్కడ రెండు కోట్ల డాలర్ల దాకా వెళ్ళింది. ఆ గర్వం అబద్ధమని అనను. నేను 2003లో వచ్చిన కొత్తల్లో తెలుగు సినిమా అంటే యూనివర్సిటీ ఆడిటోరియం అద్దెకి తీసుకుని వేసిన ఒక్క ఆట. రీళ్ళ పెట్టె పక్క ఊళ్ళో ఆట అయ్యాక ఎవరో కారులో వేసుకొస్తే గానీ మనకి బొమ్మ పడదు. ఇంటర్వెల్లో అల్యూమినియం ట్రేల్లో సమోసాలు, థర్మాస్ లో టీ. సినిమా బాగోకపోయినా సమోసాలు బాగుండేవి.

ఇప్పుడు అదే సినిమా మల్టీప్లెక్సులో, పడక్కుర్చీలాంటి సీట్లలో. ప్రీమియర్ టికెట్టు ఇరవై డాలర్ల పైమాటే. నలుగురం వెళ్ళి, పిల్లలకి పాప్‌కార్న్, కోకులు కొనిపెట్టేసరికి వంద దాటిపోతుంది. ఎవరిదో దురాశ అని తిట్టుకోబోయి, ఇంజనీరు బుద్ధి కదా, అసలు లెక్క ఎట్లా నడుస్తుందో ఆలోచించాను. డిస్ట్రిబ్యూటరు పెద్ద మొత్తం ముందే పెట్టి అమెరికా హక్కులు కొంటాడు. నెల తిరిగేసరికి సినిమా ఓటీటీలోకి వచ్చేస్తుందని సంసారులందరికీ తెలుసు, ఆగుతారు. కనక పెట్టిన డబ్బు మొదటి మూడు రోజుల్లో, ఆగలేనివాళ్ళ దగ్గరే రాబట్టాలి. ఆగలేనివాళ్ళు అభిమానులు. వాళ్ళు ఎంతైనా ఇస్తారు కనక రేటు పెరుగుతుంది. రేటు పెరిగేకొద్దీ మిగిలినవాళ్ళు ఇంట్లోనే ఉండిపోతారు. ఇక వచ్చే సినిమా ఎవరికోసం రాస్తారు? వచ్చినవాళ్ళ కోసమే. హీరో ప్రవేశానికి పావుగంట, ఇంటర్వెల్ కి ఒక పేలుడు, చివర్లో రెండో భాగం ఉందని ఒక బెదిరింపు. మా వృత్తిలో దీన్ని ఫీడ్‌బ్యాక్ లూప్ అంటాం. సరిగా కట్టకపోతే యంత్రం తన చప్పుడు తనే విని ఇంకా గట్టిగా అరుస్తుంది.

థియేటరువాడికి ఇందులో మొహమాటం లేదు. ఇక్కడ హాలుకి మిగిలేది టికెట్ల మీద కన్నా పాప్‌కార్న్, కూల్ డ్రింకుల మీద ఎక్కువ. నిజానికి అది తెర ఉన్న హోటలు. బేరం తగ్గిన బల్ల ఖాళీ చేయించినట్టే, జనం తగ్గిన సినిమాని సోమవారానికల్లా తీసేస్తాడు.

అక్కడ టికెట్టు రేటు రాజకీయమైంది. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35తో రేట్లు బిగించింది. పల్లెటూళ్ళో ఏసీ లేని హాల్లో నేల టికెట్టు 5 రూపాయలు! 2022 మార్చిలో సవరించి కనీసం 20, గరిష్ఠం 250 అన్నారు. అది పేదవాడి మీద దయా, సినిమావాళ్ళ మీద కక్షా అన్నది మీరు ఏ పేపరు చదువుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. మా ఇంట్లో నాన్న ఒక పేపరు, బాబాయి ఇంకో పేపరు. పండక్కి కలిస్తే ఒకే రాష్ట్రంలో ఉన్నట్టుండరు.

2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటర్లో 'పుష్ప 2' ప్రీమియర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. తప్పు హీరోదా, పోలీసులదా, హాలు యజమానిదా అని ఛానెళ్ళలో రోజుల తరబడి వాదించారు. ఆ ఒక్క రాత్రికి అంత ఆత్రం ఎవరికి లాభమని, ఎందుకు పెంచి పోషిస్తున్నామని అడిగిన గొంతు నాకు పెద్దగా వినపడలేదు. అడగడానికి నాకూ నోరు లేదు. ఆ ఆత్రాన్ని డాలర్లిచ్చి కొంటున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

1980లో 'శంకరాభరణం' వచ్చినప్పుడు మొదట్లో హాళ్ళు పలచగానే ఉండేవని పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను. చూసినవాళ్ళు చెప్పబట్టి నిండాయి. నోటిమాట నడవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజులే ఇప్పుడు లేవు.

మరి 'కేరాఫ్ కంచరపాలెం' ఎట్లా ఆడిందంటారా? 2018లో వచ్చిన ఆ సినిమాకి నిర్మాత మన అమెరికా తెలుగు డాక్టరే. పెద్ద హీరో లేడు, ఆ ఊరి మనుషులే నటులు. 2023లో 'బలగం' ఇంకా వింత. తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్య తెర కట్టి, జనం కింద కూచుని, కలిసి ఏడ్చారు. ఓటీటీలోకి వచ్చాక కూడా! ఇంట్లో చూడగలిగినదాన్ని ఊరంతా కలిసి ఎందుకు చూశారో నా లెక్కలో ఇమడదు. లెక్క తప్పనైనా ఒప్పుకోవాలి, లేదా అటువంటివి ఏటా ఒకటీ అరా మించి రావనైనా అనాలి. రెండోదే నిజమని నా భయం.

ఈ వ్యాసం రాద్దామనుకున్నాక ఒక నియమం పెట్టుకున్నాను. ప్రీమియర్ మానేసి, బాగుందని ఎవరైనా చెప్పిన సినిమాకే రెండో వారం వెళ్ళాలని. పోయిన నెల ఒక చిన్న సినిమా గురించి స్నేహితుడు చాలా మంచిగా చెప్పాడు. రెండో శనివారం చూద్దామని మంగళవారం టికెట్ల కోసం వెతికితే మా చుట్టుపక్కల నలభై మైళ్ళలో ఒక్క ఆట కూడా లేదు. మా ఆవిడ, "ఎట్లాగూ తయారయ్యే ఉద్దేశంతో ఉన్నాం కదా" అంటే శనివారం బిరియానీకి వెళ్ళాం. మెనూలో అన్నిటికన్నా పెద్ద పళ్ళేనికి బాహుబలి అని పేరు. గోడ మీద టీవీలో వచ్చే వారం విడుదలయ్యే సినిమా ట్రైలరు. బిల్లు తెచ్చిన కుర్రాడు, "ప్రీమియర్ కి వెళ్తున్నారా అంకుల్?" అని అడిగాడు.