చల్లబరిచే చేతులు

మే నెల కాకినాడలో మనల్ని ఎక్కువగా బాధపెట్టేది ఉక్కపోత. ల్యాప్‌టాప్‌కు చెమట పట్టదు గనుక దానికి గది వేడితోనే పేచీ. లోపలి వేడిని అప్పజెప్పాల్సింది ఆ గదిలోని గాలికే కదా! ఆ గాలే నలభై డిగ్రీలకు చేరితే ఫ్యాన్ ఎంత అరిచినా ఫలితం తక్కువ. ఇక తేమ చేసే హాని వేరు. సముద్రపు ఉప్పుగాలికి దుమ్ము తోడై లోపల అంటుకుంటే ఊదినంత మాత్రాన వదలదు.

ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చిన వస్తువు ప్రాసెసర్ మీదుగా ఫ్యాన్ వరకు సాగే చదును రాగి గొట్టం. దాన్ని హీట్ పైప్ అంటారు. లోపలి గోడకు అతికించిన సన్నని రాగి పొడి, గాలి తీసేసిన ఖాళీ, కొద్దిపాటి శుద్ధమైన నీరు, అంతే. ఒత్తిడి చాలా తక్కువ కాబట్టి ఆ నీరు తక్కువ వేడికే ఆవిరవుతుంది. ఆవిరి రెండో కొసకు పరుగెత్తి, వేడిని అక్కడి పలుచని రేకులకు ఇచ్చి మళ్లీ నీరవుతుంది. ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టు రాగి పొడి ఆ నీటిని వెనక్కి లాగుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ దీన్ని పనిచేయించి చూపాడు. అంతరిక్ష నౌకల కోసం పెరిగిన విద్య ఇవాళ విద్యార్థుల సంచుల్లోకి వచ్చింది.

ఇంత నేర్పుగా చేసిన వస్తువును విప్పి, మళ్లీ అంతే నేర్పుగా బిగించడం మరో విద్య. మెయిన్ రోడ్డులో ఒక చిన్న రిపేరు గదిలో ఆ పని చూశాను. మెకానిక్ మొదట స్క్రూడ్రైవర్ పట్టలేదు.

“పరుపు మీద పెట్టుకుని వాడతారాండీ?” అని అడిగాడు.

“ఆయ్,” అన్నాడు ల్యాప్‌టాప్ తెచ్చిన ఇంజినీరింగ్ కుర్రాడు.

“అడుగున గాలి పీల్చే కన్నాలు మూసుకుపోతాయండి.”

అడుగు మూత తీయగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాడు. తర్వాత ఫ్యాన్ విప్పాడు. రేకుల ముఖాన దుమ్ము మందంగా అట్టకట్టి ఉంది. బయటి నుంచి గాలి కొడితే ఈ అట్ట కదలదు. బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి ఉంచాడు. వదిలేస్తే అది మితిమీరి తిరిగి బేరింగ్ పాడవవచ్చు.

అసలు పనితనం ప్రాసెసర్‌కూ రాగికీ మధ్య రాసే పేస్టు దగ్గర కనిపించింది. గొట్టం, రేకులు కలిసి ఉండే హీట్‌సింక్‌ను పెకలించకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పి ఎత్తాడు. ఎండిన పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో చిప్ మెరిసేదాకా తుడిచాడు. వేడిని మోయడంలో రాగి విలువ సుమారు 400 అయితే గాలిది 0.025. మంచి పేస్టుది కూడా సాధారణంగా పదీ పన్నెండుకు మించదు. అంటే పేస్టు ఉన్నది రెండు లోహాల మధ్య సందుల్లోని గాలిని వెళ్లగొట్టడానికే. మందంగా రాస్తే అదే అడ్డు. అతడు వేసింది చాలా కొద్ది. పక్కనున్న మెమొరీ చిప్‌ల ప్యాడ్లు మారుస్తూ పాతవాటి మందం కొలిచి చూసుకున్నాడు. అర మిల్లీమీటరు ఎక్కువైనా రాగి పలక ప్రాసెసర్‌ను సరిగా తాకకపోవచ్చు. హీట్‌సింక్ మీద అచ్చువేసిన 1, 2, 3, 4 అంకెల వరసలోనే, ఎదురెదురు మూలలుగా, ఒక్కో స్క్రూను కొంచెం కొంచెం బిగించాడు. బలం ఒకవైపే పడితే చిప్ అంచు చిట్లవచ్చు.

చివరికి బరువైన ప్రోగ్రాం నడిపి, ఉష్ణోగ్రత అంకెలు నిలకడకు వచ్చేదాకా తెర చూస్తూ కూర్చున్నాడు. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు హద్దు వంద డిగ్రీలు. అక్కడికి చేరితే అవి తమ వేగం తామే తగ్గించుకుంటాయి. స్లో అయిందని మనం విసుక్కునే వాటిలో కొన్నింటి జబ్బు ఇదే.

కొత్త యంత్రం కొనే ముందు ఒకసారి సర్వీసింగ్‌కు ఇచ్చి చూడండి. ఇచ్చేటప్పుడు, “ఫ్యాన్ విప్పి శుభ్రం చేస్తారా, బయటి నుంచే గాలి కొడతారా?” అని అడగండి. విప్పుతానన్న వాడికే ఇవ్వండి.