భౌతికశాస్త్ర శాఖలో కొలాజెన్

1952లో మద్రాసు విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖకు అధ్యక్షులుగా వచ్చిన జి.ఎన్. రామచంద్రన్ అంతవరకు స్ఫటికాలను పరిశోధించినవారు. ఆ శాఖలో ఆయన చేపట్టినది మాత్రం చర్మంలోను, ఎముకలలోను ఉండే కొలాజెన్ అనే మాంసకృత్తు నిర్మాణం. జీవశాస్త్రజ్ఞుల పొలంలో అడుగుపెట్టి భౌతికశాస్త్రజ్ఞుడు పండించినదేమిటి? ఆ కృషిలోని గుణదోషాలు రెండూ చూస్తేనే సమాధానం దొరుకుతుంది.

1954లో ఆయన, గోపీనాథ్ కర్తా కలిసి కొలాజెన్ అణువులో మూడు గొలుసులు పక్కపక్కన ఉన్నవని ప్రకటించినారు. వీటిలో ప్రతి మూడవ ఎమినో ఆమ్లం గ్లైసీన్. గొలుసులు కలిసేచోట అంతకంటె పెద్దదానికి తావు లేదు. ఆ గొలుసులు తాడు పేటల వలె పెనవేసుకొని ఉన్నవని 1955లో తమ నమూనాను వారే సవరించినారు.

ఆ సంవత్సరమే రిచ్, క్రిక్ అనే శాస్త్రజ్ఞులు దానిని ఆక్షేపించినారు. కొన్ని పరమాణువులు మితిమీరి దగ్గరగా ఉన్నవనీ, ప్రతి మూడు ఎమినో ఆమ్లాలకు హైడ్రోజన్ బంధం రెండు కాక ఒకటే ఉండాలనీ వారి వాదం. బంధాల విషయంలో వారి మాటే నిలిచినది. 1994లో కొలాజెన్ వంటి పెప్టైడు స్ఫటికంలో ఒకటే కనిపించినది.

కాని దగ్గరితనాన్ని గురించిన ఆక్షేపణకు రామచంద్రన్ వెదకిన సమాధానం, ఆ నమూనాకంటె విలువైనది. పరమాణువులు ఎంతవరకు దగ్గరకు రాగలవో, అప్పటికే కొలిచిన స్ఫటికాలనుండి లెక్క తీసినారు. గొలుసులో ప్రతి ఎమినో ఆమ్లపు నడిమి కర్బన పరమాణువుకు ఇరువైపుల ఉన్న రెండు బంధాలు తిరుగగలవు. ఆ రెండు కోణాలను గ్రాఫు కాగితంపై అక్షాలుగా తీసుకొని, పరమాణువులు ఢీకొనే చోట్లను కొట్టివేస్తే మిగిలేది కొద్దిభాగమే. శశిశేఖరన్, రామకృష్ణన్‌లతో కలిసి 1963లో ప్రచురించిన ఈ చిత్రమే రామచంద్రన్ పటం.

దీనికీ పరిమితులున్నవి. ఇది పరమాణువులను గట్టి గోళీలుగా భావిస్తుంది. ఏ ఆకారాలు అసాధ్యమో చెబుతుంది గాని, మిగిలినవాటిలో మాంసకృత్తు దేనిని పొందుతుందో చెప్పజాలదు. అయినా మాంసకృత్తుల నిర్మాణాలలో పొరపాట్లు పట్టుకొనడానికి నేటికీ దీనిని వాడుతున్నారు.

భౌతికశాస్త్రం జీవశాస్త్రానికి పరికరాలను అరువిస్తుందని మాత్రమే అనుకొంటే చాలదు. ఏది సాధ్యం కాదో లెక్కకట్టి చూపడం అంతకంటె పెద్ద సహాయం. కోణాలు కొలవడం, గ్రాఫు గీయడం ఉన్నతపాఠశాల విద్యార్థికి తెలిసిన పనులే. జీవశాస్త్రంలో వాటికి చోటు లేదని అతడు అనుకోకుండా చూడవలసినవారు ఉపాధ్యాయులు.