తొండం కడిగే నేర్పు

టీబీ అనుమానం ఉన్న మనిషికి చిన్న డబ్బీ ఇచ్చి, పొద్దున్నే గట్టిగా దగ్గి తెమడ పట్టుకురమ్మంటారు. ఏనుగుకు ఆ మాట ఎవరు చెబుతారు? చర్మానికి సూది వేసి చూసే పరీక్షను దాని విషయంలో నమ్మలేం. ఎక్స్‌రే తీద్దామంటే పెద్ద ఏనుగు ఛాతీ అందుకు మరీ మందం. జబ్బు బాగా ముదిరేదాకా ఏనుగు బక్కచిక్కకపోవచ్చు, దగ్గనూ దగ్గకపోవచ్చు. అందుకని పశువైద్యులు ఎంచుకున్న సరంజామా ఇదీ: 60 మిల్లీలీటర్ల శుభ్రమైన సెలైన్, ఒక పెద్ద సిరంజి, ఒక ప్లాస్టిక్ సంచి. ఈ పరీక్షకు ట్రంక్ వాష్ అని పేరు. మన మాటల్లో తొండం కడగడం.

సరంజామా చూసి తేలిగ్గా తీసుకోకూడదు. ఏనుగు ఇంకా నీళ్లు తాగకముందే పని మొదలవ్వాలి, లేకపోతే రాత్రంతా తొండంలో చేరిన జిగురు తాగేనీళ్లతో కొట్టుకుపోతుంది. మావటి మాట మీద ఏనుగు తొండం ఎత్తుతుంది. ముక్కుపుటంలోకి సెలైన్ పోస్తారు. ముక్కులోకి నీళ్లొస్తే ఏనుగు ఏం చేస్తుంది? ఊదేస్తుంది, లేదా నోట్లోకి చిమ్ముకుంటుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ దానికి అలవాటైన పని అదే. ఇప్పుడు ఆ రెండూ మానుకుని, నీరు లోపలికి పారేదాకా తొండం అలాగే ఎత్తి పట్టుకోవాలి. తర్వాత దించాలి. కొసకు సంచి తొడగనివ్వాలి. అప్పుడు మాత్రమే, సంచిలోకి, బలంగా ఊదాలి.

ఎత్తు, ఆగు, దించు, ఊదు. ఇందులో మొదటి మూడూ ఎలాగో బెదిరించి చేయించొచ్చేమో గానీ, నాలుగోది బలవంతాన రాదు. తొండం కొసకు సంచి తొడగనివ్వడమంటే ఏనుగు తన చేతినీ ముక్కునూ ఒకేసారి మనకు అప్పగించడం. అందుకే ఒక్కో మెట్టునూ విడదీసి, సరిగా చేసినప్పుడల్లా ఇష్టమైన తినుబండారం పెడుతూ, ఓపిగ్గా నేర్పుతారు. సంచిలో జిగురుగా, నురగగా ఏదైనా పడితే పని కుదిరినట్టు. తేటనీరే పడితే ఏనుగు ఊదలేదు, ఒలికించిందంతే. ఇదంతా చేసేవాళ్లు మాస్కు కట్టుకుని, ఊపిరి మొహాన కొట్టకుండా పక్కన నిలబడతారు. వారంలోపు మూడు వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు తీస్తారు. ల్యాబులో క్రిమి పెరిగిందో లేదో తేలడానికి 8 వారాల దాకా పట్టవచ్చు.

ఇంత శ్రమ ఎందుకో అమెరికాలోని ఇల్లినాయ్ చెబుతుంది. అక్కడి ఒక జంతువుల ఫారంలో 1994, 1996 మధ్య మూడు ఏనుగులు ఊపిరితిత్తుల జబ్బుతో పోయాయి. కారణం మనుషుల్లో క్షయ తెచ్చే ఆ క్రిమే. సంరక్షకులు 22 మందిని పరీక్షిస్తే 11 మందికి చర్మపరీక్ష పాజిటివ్ వచ్చింది, ఒకరికి జబ్బు బయటపడింది. అతని క్రిమి, ఏనుగుల క్రిమి ఒకే రకమని డీఎన్‌ఏ చెప్పింది. ఎవరు ఎవరికి అంటించారన్నది మాత్రం చెప్పలేదు. డీఎన్‌ఏ పోలిక చూపుతుంది, దిక్కు చూపదు. ఆ తర్వాతే అమెరికాలో ఏడాదికోసారి తొండం కడగాలన్న మార్గదర్శకాలు వచ్చాయి. ఏనుగుతో పాటు సంరక్షకుడికీ పరీక్షలు ఉండాలన్నారు.

2009లో అదే దేశంలోని టెన్నెసీలో, ఏనుగుల ఆశ్రయంలో పలువురు సిబ్బందికి క్షయ క్రిమి సోకింది, జబ్బుగా మాత్రం బయటపడలేదు. వాళ్లలో ముగ్గురు ఏనుగులతో నేరుగా పనిచేసేవాళ్లే కారు. క్రిమి గాలిలో తేలి వాళ్లదాకా వచ్చి ఉండాలి. ఏనుగుల కొట్టాన్ని ఎలా కడుగుతారు, ఆ తుంపర ఎక్కడికి పోతుంది అన్నది కూడా పనితనమేనని నాకు అప్పుడు అర్థమైంది. మన దక్షిణాది గుళ్లలో ఏనుగు తొండం నెత్తిన పెట్టించుకుని దీవెన తీసుకునే భక్తుడికీ, ఆ ఊపిరికీ మధ్య దూరం జానెడే కదా.

ఈ పరీక్షను నేనెంత మెచ్చుకున్నా, దాని లోపం దాచను. అదే తొండం మట్టి తవ్వుతుంది, గడ్డి పీకుతుంది, దుమ్ము ఒంటి మీద చల్లుకుంటుంది. వాటిలోని సూక్ష్మజీవులు ల్యాబులో ముందు పెరిగి క్షయ క్రిమిని మరుగున పడేస్తాయి. పైగా జబ్బున్న ఏనుగు రోజూ క్రిమిని బయటికి వదలదు. మూడు నమూనాలూ శుభ్రంగా వచ్చినంత మాత్రాన ఏనుగు ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. కాన్‌స్టాంటిన్ ల్యాష్‌చెంకో బృందం తయారుచేసిన రక్తపరీక్ష యాంటీబాడీలను పసిగట్టి, కొన్ని ఏనుగుల్లో కల్చర్ (ల్యాబులో క్రిమిని పెంచి చూసే పరీక్ష) కంటే ఏళ్ల ముందే హెచ్చరించింది. అయినా సంచి మూలన పడలేదు. రక్తపరీక్ష అనుమానం దగ్గరే ఆగుతుంది. తొండం నీళ్లలో దొరికేది బతికున్న క్రిమి. ఏ మందుకు లొంగుతుందో దాని మీదే చూడాలి, ఏ మనిషి క్రిమితో పోలుతుందో దానితోనే సరిచూడాలి.

దొరికాక మందు పెట్టడం ఇంకో విద్య. చేదు తగిలితే ఏనుగు ఉమ్మేస్తుంది. అలాంటప్పుడు ఐసోనయజిడ్‌ను మలద్వారం గుండా ఎక్కిస్తారు. అది రక్తంలో కలుస్తుంది. రిఫాంపిసిన్ ఆ దారిన కలవదు, కాబట్టి దాన్ని నోటితోనే మింగించాలి. ఇలా నెలల తరబడి సాగుతుంది. మందు పనిచేస్తోందా లేదా చూడటానికి మధ్యమధ్యలో మళ్లీ అదే సిరంజి, అదే 60 మిల్లీలీటర్లు, తెల్లవారగానే మావటి నోట అవే నాలుగు మాటలు.