మూట కట్టిన జింకు

రేవు స్తంభాలకూ పడవల అడుగునా గరుకుగా అంటుకుని ఉండే బార్నకిల్‌ని చూస్తే ఏ నత్త జాతో అనిపిస్తుంది. నిజానికి అది రొయ్యకూ పీతకూ చుట్టం. సముద్రంలో లోహ కాలుష్యం గురించి రాసినవాళ్లలో ఫిలిప్ రెయిన్‌బోకి దాని మీద ప్రత్యేకమైన గురి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో జంతుశాస్త్ర విభాగాన్ని నడిపిన ఈయన 2002లో ఒక సమీక్షా వ్యాసం రాశారు. నీటిలోని వెన్నెముక లేని జీవుల ఒంట్లో లోహాలు ఎంతున్నాయన్నది విషయం. దాని శీర్షికలోనే రెండు ప్రశ్నలు వేశారు: ఎందుకు? అయితే ఏమిటి?

పనితనమంతా ఆ రెండో ప్రశ్నలో ఉంది. మామూలుగా ఈ రంగంలో పట్టికలు వేస్తారు: ఈ జీవిలో ఇంత జింకు, ఆ జీవిలో ఇంత కాడ్మియం. పెద్ద అంకె కనిపిస్తే చాలు, అక్కడ ప్రమాదమని తేల్చేస్తారు. రెయిన్‌బో అలా ఒప్పుకోరు. ఒకే నీటిలో ఉన్న రొయ్య, లోపలికి వచ్చినంత జింకునూ బయటికి పంపుతూ ఒంట్లో మోతాదు దాదాపు మారకుండా చూసుకుంటుంది. బార్నకిల్ పంపదు. పేగు చుట్టూ ఉన్న కణాల్లో జింకును ఫాస్ఫేటుతో కలిపి చిన్న గుళికలుగా మూట కట్టేస్తుంది. ఈ గుళికల గురించి ఆయనా సహచరులూ 1975లోనే రాశారు. అలా కట్టిన జింకు ఎంజైముల జోలికి రాదు. అందుకే ఒంట్లో వేల పీపీఎం జింకు ఉన్నా బార్నకిల్ నిక్షేపంలా బతుకుతుంది. అదే అంకె రొయ్యలో కనిపిస్తే మాత్రం దాని అదుపు ఎప్పుడో తప్పిందన్నమాట.

కాబట్టి మొత్తం నిల్వ చూసి విషం పాళ్లు చెప్పలేం. లోహం లోపలికి వచ్చే వేగం, దాన్ని కట్టిపడేసే వేగాన్నీ బయటికి తోసే వేగాన్నీ కలిపినా మించిపోయినప్పుడే దెబ్బ తగులుతుంది. ఇంత సులువైన మాట, దశాబ్దాల కొలతలకు కొత్త అర్థం ఇచ్చింది. నాకు నచ్చేది ఈ పొదుపే.

కాడ్మియం దగ్గర కథ మారుతుంది. దాని అయాను పరిమాణం కాల్షియంది లాంటిదే కావడంతో, డొప్ప గట్టిపడటానికి కాల్షియం కోసం తెరిచిన దారిలోనే లోపలికి దూరుతుంది. జింకును అదుపు చేసే రొయ్య కూడా దీన్ని అలా అదుపు చేయలేదు. సముద్రపు నీటిలో కాడ్మియం చాలావరకు క్లోరైడుతో ముడిపడి ఉంటుంది. నదీముఖంలో ఉప్పు తగ్గేసరికి ఆ ముడి వీడి, విడి అయాన్లు పెరుగుతాయి. లోహం అంతే ఉన్నా పీత ఎక్కువ లాక్కుంటుంది. నీటిలో కాడ్మియం ఎంతుందో చెప్పి ఉప్పెంతో చెప్పని కొలత, ఈ లెక్కన సగం కొలతే.

లోపలికి వెళ్లిన కాడ్మియం ఎక్కువగా చేరేది పీత జీర్ణగ్రంథిలో. యూరోపియన్ యూనియన్ పెట్టిన కిలోకు 0.5 మిల్లీగ్రాముల హద్దు పీతల విషయంలో కాళ్లలోని తెల్ల మాంసానికే. డొప్ప కింది గోధుమరంగు గుజ్జును ఆ లెక్కలోంచి తప్పించారు. పీత తినేవాళ్లలో చాలామంది ఇష్టంగా జుర్రుకునేది ఆ గుజ్జునే.