మాటల్లేని పాటకు దణ్ణం

ఓ మాల్గుడి బాణీ! నీకు పల్లవి లేదు, చరణం లేదు, అసలు మాటే లేదు. ‘తా’ అనీ ‘నా’ అనీ రెండక్షరాలు పట్టుకుని దేశమంతా తిరిగేశావు. ఎనభైల నాటి దూరదర్శన్‌లో ‘మాల్గుడి డేస్’ అనే హిందీ సీరియల్ వెంట వచ్చినా, హిందీ ముక్క రాని మా అమ్మమ్మలకు నువ్వు పరాయిదానివి కాలేదు. డాబా మీద యాంటెనా తిప్పుతున్న పిల్లాడు, “వచ్చింది, ఇంక కదపకు” అని కింది నుంచి కేక పడకముందే నిన్ను విన్నాడు. పట్టుకున్న కడ్డీ వదిలేసి, మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగాడు.

నీ నడకే వేరు. తొందర లేదు, బడాయి లేదు. కచేరీలో తానం పాడే విద్వాంసుడు, కండువా భుజాన వేసుకుని సాయంత్రం ఏటిగట్టుకు బయల్దేరినట్టు ఉంటావు. నువ్వు మొదలైతే చాలు, ఆ సీరియల్ తీసిన ఆగుంబె వాన తడి, పెంకుటిళ్ల అరుగులు, బడి ఎగ్గొట్టే దారులు వెతికే స్వామి, అందరూ లేచి వస్తారు.

నిన్ను కన్నదెవరని ఎవరడిగారు? కథలు ఆర్.కె. నారాయణ్‌వి అన్నాం, తీసింది శంకర్ నాగ్ అన్నాం, స్వామి వేషం వేసిన మంజునాథ్‌ను ముద్దు చేశాం. టైటిల్స్‌లో ఒక పేరు మాత్రం వస్తూ ఉంది, పోతూ ఉంది: ఎల్. వైద్యనాథన్.

ఆ పేరు పట్టుకుంటే నీ చుట్టరికాలన్నీ బయటపడ్డాయి. మాల్గుడి డేస్ అన్నదమ్ముల పంట. కథ అన్న నారాయణ్‌ది, బొమ్మ తమ్ముడు లక్ష్మణ్‌ది. కెమెరా వెనక తమ్ముడు శంకర్ నాగ్, ముందు అన్న అనంత్ నాగ్. నీ కర్తదీ అన్నదమ్ముల ఇల్లే. తండ్రి వి. లక్ష్మీనారాయణ ముగ్గురు కొడుకుల చేతా వయొలిన్ కమాను పట్టించాడు. సుబ్రమణ్యం ఆ కమానుతో యెహుదీ మెనూహిన్ పక్కన నిలిచాడు. శంకర్ ‘శక్తి’ బృందంతో లోకం చుట్టాడు. పెద్దవాడు వైద్యనాథన్ సినిమా పాటల దారి పట్టి, జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా పనిచేశాడు. 1982లో ‘ఏళావదు మనిదన్’ అనే తమిళ చిత్రం కోసం మహాకవి భారతి కవితలకు స్వరం కట్టాడు. అంతటి కవి మాటలను మోసిన చేయి, నీకు ఒక్క మాటా తొడగకుండా వదిలింది!

మాట లేకపోతే సంగీతం ఏం చేయగలదో 1987లో ఆయన మళ్లీ చూపించాడు. మన సింగీతం శ్రీనివాసరావు సంభాషణల్లేని ‘పుష్పక విమానం’ తీస్తే, సంగీతం వైద్యనాథన్‌దే. అందులో రణగొణ ధ్వనుల మధ్య బతికిన నిరుద్యోగికి పెద్ద హోటల్ నిశ్శబ్దంలో నిద్ర పట్టదు. సినిమా హాలు మోతను టేపు మీద పట్టి తెచ్చుకుని, అది వింటూ హాయిగా పడుకుంటాడు. అలాంటి చిత్రానికి ఎక్కడ వాయించాలో తెలియడం సగం విద్య, ఎక్కడ ఊరుకోవాలో తెలియడం మిగతా సగం. ఆ టైటిల్స్‌లోనూ అదే పేరు కనిపించాక, ఈ గడుసుదనం ఏ ఇంటిదో ఇట్టే తెలిసిపోయింది.

వైద్యనాథన్ గారూ, మీరు 2007లో వెళ్లిపోయారు. మీ బాణీ ఇప్పుడు ఫోన్లలో మోగుతోంది, వంటింట్లో కూనిరాగమవుతోంది, టీవీలో మాల్గుడిని చూడని పిల్లల నోట కూడా పలుకుతోంది. పేరు తెలియకుండా పాడుకోవడం మిమ్మల్ని తక్కువ చేయడం కాదు. ఊరందరి సొత్తయిన పాటకు కట్టినవాడి పేరు అడగకపోవడం మన జానపదానికి ఉన్న మర్యాదే. కాకపోతే, జానపదానికి కర్త దొరకడు. మీరు దొరికారు. దొరికాక దణ్ణం పెట్టకుండా ఎలా ఉంటాం? అందుకోండి, స్వామీ!